సభ్యుల ఊళ్లు మ్యాప్‌లో వాటంతటవే చేరాలంటే?

ప్రశ్న: మా గ్రూపులో 140 మంది. కలుసుకునే చోటు తేల్చడానికి గూగుల్ ఫారంలో ఊరి పేర్లు తీసుకుని షీట్‌ను మై మ్యాప్స్‌లోకి (సొంత మ్యాప్ తయారుచేసుకునే గూగుల్ సాధనం) ఎక్కించాను. కొత్తవాళ్లు చేరితే మ్యాప్ మారట్లేదు. పైగా కొన్ని పిన్నులు ఎక్కడెక్కడో పడ్డాయి.

జవాబు 1: మై మ్యాప్స్ ఎక్కించినప్పటి నకలే ఉంచుకుంటుందండి, షీట్ మారినా దానికి తెలీదు. ఇక ఊరి పేరు అడగడమే పొరపాటు. రామచంద్రపురం గోదావరి వైపు ఒకటుంది, పటాన్‌చెరు పక్కన ఇంకొకటి. హైదరాబాద్ అయితే పాకిస్తాన్‌లోనూ ఉందాయె! ఆరంకెల పిన్‌కోడ్ అడిగి, చివర "ఇండియా" చేర్చి వెతికించండి.

జవాబు 2: షీట్‌లో యాప్స్ స్క్రిప్ట్ (చిన్న ప్రోగ్రాములు రాసుకునే చోటు) తెరిచి, ఫారం సబ్మిట్ ట్రిగ్గర్ పెట్టండి, అంటే ఎవరు ఫారం నింపినా ఆ ప్రోగ్రాం దానంతటదే నడుస్తుంది. అందులో పిన్‌కోడ్‌ను బట్టి చోటు కనిపెట్టే మ్యాప్స్ జియోకోడర్ ఇచ్చిన అక్షాంశ రేఖాంశాలను విలువలుగానే రాయించండి. ఫార్ములాగా పెడితే మళ్లీ మళ్లీ లెక్కేసి ఇలా వెతకడానికి గూగుల్ ఇచ్చే రోజువారీ కోటా తినేస్తుంది. ఒకే పిన్‌కోడ్ వాళ్లు ఒకే చుక్క మీద పడతారు కాబట్టి 0.005 డిగ్రీల లోపు అటూఇటూ జరపండి, అంటే దాదాపు అర కిలోమీటరు. ముద్దుపేరు, అక్షాంశం, రేఖాంశం మాత్రమే ఉన్న వేరే ట్యాబ్‌ను సీఎస్‌వీగా (కామాలతో విడదీసిన మామూలు టెక్స్ట్ పట్టికగా) పబ్లిష్ చేసి, ఆ లింకును యూమ్యాప్‌లో (ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ మీద సొంత మ్యాప్ చేసుకునే ఉచిత సైట్) రిమోట్ డేటాగా ఇవ్వండి, అంటే అది నకలు ఉంచుకోకుండా ఆ లింకు నుంచే వివరాలు తెచ్చుకుంటుంది. ప్రాక్సీ ఆప్షన్ (డేటాను యూమ్యాప్ సర్వర్ ద్వారా తెప్పించేది) ఆన్ చేయకపోతే లేయర్, అంటే మ్యాప్ మీది చుక్కల పొర, ఖాళీగా కనిపించొచ్చు. ఫోన్ నంబర్లున్న ట్యాబ్‌ను మాత్రం పబ్లిష్ చేయకండి.

జవాబు 3: కలుసుకునే చోటు కోసం అందరి అక్షాంశ రేఖాంశాల సగటు తీసి మధ్య బిందువు పట్టుకోకండి, ఏ పొలంలోనో తేలుతుంది. విశాఖ, హైదరాబాద్, నెల్లూరు వాళ్లుంటే మూడు వైపులా రైళ్లున్న విజయవాడే నయం.