అలిపిరి మెట్ల సాధన సందక్‌ఫూ నడకకు సరిపోతుందా?

ప్రశ్న (తిరుపతి నడకరి):
మేము నలుగురం ఒకే కాలేజీలో చదువుకున్న మిత్రులం, అందరికీ నలభై దాటాయి. నెలకొకసారి అలిపిరి నుంచి 3,550 మెట్లు ఎక్కి కొండకు వెళ్తాం. ఫాల్గుణ పౌర్ణమి ముక్కోటికి పాపవినాశనం మీదుగా తుంబురు తీర్థం దాకా నడిచి వస్తాం. నాలుగైదు రోజులు వరుసగా కొండల్లో నడవాలని చాలాకాలంగా ఉంది. మొదట శేషాచలం అడవులే అనుకున్నాం కానీ, ఎర్రచందనానికి రాత్రింబవళ్లు కాపలా ఉన్న జాతీయవనంలో అనుమతి లేకుండా బస చేయాలనుకోవడం తెలివైన పని కాదని మానుకున్నాం. ఇప్పుడు ఏప్రిల్‌లో డార్జిలింగ్ వైపు హిమాలయాల్లోని సందక్‌ఫూ, ఫాలుత్ శిఖరాలకు నడిచి వెళ్దామనుకుంటున్నాం. మాకున్న మెట్ల అలవాటు దానికి సరిపోతుందా? మాలో ఒకరు బీపీ మాత్రలు వాడుతున్నారు. వెళ్లివచ్చినవారు దయచేసి చెప్పగలరు.

జవాబు (చంద్రగిరి వాసి):
మీ అలవాటు మంచి పునాదే, కానీ అందులో సగమే ఉంది. తిరుపతి నుంచి తిరుమలకు సుమారు 700 మీటర్లు ఎక్కుతాం, దర్శనం చేసుకొని బస్సులో దిగుతాం. నేనూ పదేళ్లు అలాగే చేశాను కాబట్టి, నా కాళ్లకు సత్తా ఉందనుకొని అక్కడికి వెళ్లాను. ఎక్కడంలో ఏ ఇబ్బందీ రాలేదు. ఫాలుత్ నుంచి గోర్ఖే అనే పల్లెకు దిగేరోజున, ఒక్క పగటిలో వెయ్యి మీటర్లకు పైగా దిగవలసివచ్చినప్పుడు, మోకాళ్లు నన్ను విడిచిపెట్టాయి. ఎక్కేటప్పుడు కష్టమంతా ఊపిరిది. దిగేటప్పుడు తొడ కండరం బరువు మోస్తూనే సాగవలసివస్తుంది కాబట్టి, ఆ పనికి అలవాటు లేని కండరం మరునాటికి రాయిలా బిగుసుకుంటుంది. పైగా మన మెట్లు సమంగా చెక్కినవి, చాలావరకు పైకప్పు నీడలో ఉన్నవి. అక్కడ దొర్లే రాళ్లు, వేర్లు, బురద.

కనుక వచ్చే రెండు నెలలు వీపు మీద ఏడెనిమిది కిలోల సంచితో ఎక్కండి, అదే సంచితో నడిచే దిగండి. శనివారం అలిపిరి, మరునాడే శ్రీవారి మెట్టు 2,388 మెట్లు అన్నట్లు వరుసగా రెండు రోజులు చేయండి. మొదటిరోజు ఎంత నడిచారన్నది కాదు, నొప్పులతో రెండోరోజు ఎలా లేచారన్నదే అక్కడ పనికొస్తుంది.

జవాబు (మదనపల్లె మాష్టారు):
పై మిత్రుడు కాళ్ల సంగతి చెప్పారు, నేను ఎత్తు సంగతి చెబుతాను. దీనికి తిరుపతిలో ఏ సాధనా లేదు. సందక్‌ఫూ 3,636 మీటర్ల ఎత్తున ఉంది. అక్కడ ఒక్కో ఊపిరిలో అందే ప్రాణవాయువు సముద్రమట్టంతో పోలిస్తే మూడింట రెండు వంతుల లోపే. శరీరం దానికి తనంత తానుగా సర్దుకోవాలి, అందుకు రాత్రులు కావాలి. దారిలోని పల్లెలైన తుమ్‌లింగ్‌లో ఒక రాత్రి, కాలిపోఖ్రిలో ఒక రాత్రి ఉండి వెళ్తే ఎత్తు మెల్లగా పెరుగుతుంది. పాత లాండ్ రోవర్ జీపు ఎక్కి ఒక్కరోజులో పైకి చేరేవారికే తలనొప్పి, వాంతులు ఎక్కువ అన్నది నేను కళ్లారా చూసిన మాట.

బీపీ ఉన్నవారు బయలుదేరే ముందు వైద్యుణ్ని తప్పక కలవాలి. ఎత్తు వల్ల వచ్చే జబ్బు రాకుండా వాడే డయామాక్స్ మాత్ర వేసుకోవాలా వద్దా అన్నదీ వైద్యుడే తేల్చాలి, సల్ఫా మందులు పడనివారైతే ఆ మాట ముందే చెప్పాలి. ఇంకొక మాట, మీరు పాత మిత్రులు కాబట్టి. మా బృందంలో ఒకాయన నవ్వులపాలవుతానని తలనొప్పి దాచిపెట్టి, రాత్రి రెండు గంటలకు అడుగులు తడబడే స్థితిలో బయటపడ్డాడు. అలాంటప్పుడు తెల్లవారేదాకా ఆగకుండా కిందికి దించడమే మందు. పొద్దున, రాత్రి ఒకరినొకరు తలనొప్పి ఉందా అని అడగడం నియమంగా పెట్టుకోండి.

జవాబు (పులిచెర్ల పాదచారి):
ఆ దారి సింగలీలా జాతీయవనం గుండా, కొన్నిచోట్ల నేపాల్ భూమి మీదుగా పోతుంది. గైడు తప్పనిసరి, గుర్తింపు కార్డుల అసలు ప్రతులు వెంట ఉంచుకోవాలి. జూన్ మధ్య నుంచి సెప్టెంబర్ మధ్య వరకు వనం మూసి ఉంటుంది. మీరనుకున్న ఏప్రిల్ మంచి నెల, రోడోడెండ్రాన్ పూలు విరగబూసి ఉంటాయి. అయితే మధ్యాహ్నానికి మబ్బు కమ్మే రోజులు ఎక్కువ కాబట్టి తెల్లవారుజామున లేవక తప్పదు. ఆ వేళ ఎవరెస్ట్, కాంచన్‌జంగా, లోట్సే, మకాలు ఒకే చూపులో అందుతాయి. కొండ అంచులో స్వామివారి ముఖం కనిపిస్తోందని చుట్టాలకు చూపించే మనకు, కాంచన్‌జంగా వరుసను నిద్రిస్తున్న బుద్ధుడని అక్కడివారు చూపిస్తే వింతగా తోచదు.

మనవాళ్లు చేసే తప్పు బట్టలలో. ఎండలు మండే ఊరి నుంచి బయలుదేరుతూ నూలు బనియన్లు సర్దుకుంటారు. చెమటకు తడిసిన నూలు ఆరదు, గాలి తగిలితే వణుకు పుట్టిస్తుంది. అన్నం విషయంలోనూ ఆశ తగ్గించుకోండి. ఆ ఎత్తున నీళ్లు నూరు డిగ్రీలకు చాలా ముందే మరుగుతాయి కాబట్టి కుక్కరు లేనిదే బియ్యం సరిగా ఉడకదు. మేము పల్లీ ఉండలు, నిమ్మకాయ ఊరగాయ పట్టుకెళ్లి బతికిపోయాం.

తిరుపతి నడకరి:
అందరికీ కృతజ్ఞతలు. నిజమే, మేము నలుగురం ఇంతవరకు అలిపిరి మెట్లు ఒక్కసారి కూడా నడిచి దిగలేదు. ఈ శనివారం సంచులతో మొదలుపెడుతున్నాం. బీపీ ఉన్న మిత్రుడు సోమవారం వైద్యుని దగ్గరకు వెళ్తున్నాడు, ఆయన మాట విన్నాకే టికెట్లు. సామాను మోయడానికి అక్కడ మనుషులు దొరుకుతారా?

చంద్రగిరి వాసి:
నడక మొదలయ్యే ఊరు మానేభంజన్‌లో గైడుతోపాటే దొరుకుతారు. అయినా నీళ్లు, వాన కోటు, మందులు, ఒక ఉన్ని చొక్కా మాత్రం మీ వీపు మీదే ఉండాలి. మోసేవారు మీకంటే గంట ముందే వెళ్లిపోతారు.