విసుగేసింది, విసుక్కున్నాను, అలిగింది: ఈ మూడూ ఒకటేనా?

పంటు ప్రయాణికుడు:

అందరికీ నమస్కారం. నిన్న జరిగింది చెబితేనే నా సందేహం అర్థమవుతుంది, కాస్త ఓపిక పట్టండి.

నా ఉద్యోగం నరసాపురంలో, ఇల్లు సఖినేటిపల్లి వైపు. మధ్యలో వశిష్ఠ గోదావరి. నిన్న కార్యాలయంలో ఒకే పట్టికను మూడుసార్లు నింపించారు. మొదటిసారి గడులు చాలలేదన్నారు. రెండోసారి తేదీలు ఎడమవైపు ఉండాలన్నారు. మూడోసారి, మొదటిదే బాగుందన్నారు. సంచీ భుజాన వేసుకుని రేవుకు పరుగెత్తేసరికి పంటు కదిలింది. గట్టుకూ పంటుకూ మధ్య నీళ్ళు బారెడు కూడా లేవు, కానీ గెంతే వయసు కాదు. పంటు మీద ఉన్న తెలిసినాయన ఒకరు నాకు చెయ్యి ఊపారు కూడా. (వంతెన ఎప్పుడన్న చర్చ ఇక్కడ వద్దు, దానికి వేరే గుంపులు బోలెడున్నాయి.) మళ్ళీ పంటు వచ్చేదాకా ఫోనులో ఏదైనా చూద్దామనుకున్నాను. ఏది చూడాలో తేలక, వేలితో పైకి తోస్తూ తోస్తూనే అరగంట గడిచింది. ఇల్లు చేరగానే మా ఆవిడ "ఆలస్యమైందేమండీ?" అంది. ఆ ఒక్క మాటకే విసుక్కున్నాను. ఆమె అలిగింది.

రాత్రి మా మేనల్లుడికి ఫోనులో ఇదంతా చెప్పుకుంటే "దీన్నే ఫ్రస్ట్రేషన్ అంటారు మామయ్యా" అన్నాడు. తెలుగులో ఏమంటారురా అంటే నవ్వాడు. పత్రికల్లో నిస్పృహ, నైరాశ్యం, అసహనం అని రాస్తారు. పంటు తప్పినందుకు నైరాశ్యం అన్నానంటే గోదావరిలో దూకబోతున్నానని నలుగురూ పట్టుకుంటారు. అసహనం సంగతి సరేసరి, అది నాయకులు సమీక్షా సమావేశాల్లో వ్యక్తం చేసే వస్తువు. ఇంట్లో పలికే మాట కావాలి. విసుగా? చిరాకా? మరేదైనా ఉందా?

లేసు పువ్వు:

అన్నయ్య గారూ, మాది నరసాపురం దగ్గరి పల్లె, లేసు అల్లుతాను. (మన లేసుకు 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. మా కూలికి ఇంకా ఎవరి గుర్తింపూ రాలేదు.) నాకు తెలిసింది చెబుతాను. అల్లుతుండగా దారం చిక్కుపడితే వచ్చేది చిరాకు. అదే పువ్వు నూరోసారి అల్లుతుంటే వచ్చేది విసుగు. చిరాకు ముడి విప్పేదాకానే ఉంటుంది. విసుగులో విప్పడానికి ముడే ఉండదు, అన్నీ సరిగ్గానే ఉంటాయి, అదే బాధ. ఇక అల్లి పంపిన బల్లగుడ్డ డబ్బు ఈ వారం, వచ్చే వారం అని తిప్పుతుంటే ఈ రెండూ కాదు. అప్పుడు ప్రాణం ఉసూరుమంటుంది.

మీ లెక్క నేను కడతాను చూడండి. పట్టిక విసుగు. పంటు ఉసూరు. ఆ చెయ్యి ఊపినాయన చిరాకు.

ఆటవెలది:

అమ్మా, నలభై ఏళ్ళు తెలుగు పాఠాలు చెప్పిన వాణ్ణి, పట్టిక, పంటు, చెయ్యి ఊపినాయన అని ఇంత తేటగా నేనెప్పుడూ విడదీయలేదు. ఉసూరు గురించి ఒక ముక్క కలుపుతాను. ఉసురు అంటే ప్రాణం, ఊపిరి. తమిళంలో ఉయిర్, కన్నడంలో ఉసిరు దీని తోబుట్టువులే. ఆశపడి ఎదురుచూసింది చెయ్యిజారితే లోపల పట్టిన ఊపిరి ఒక్కసారిగా బయటికి వస్తుంది, ఆ చప్పుడే ఉసూరుమనడం. అదే ఊపిరి ఎదుటివాడికి చుట్టుకుంటే ఉసురు తగలడం. బల్లగుడ్డ డబ్బు ఎగ్గొట్టేవాళ్ళు రెండో అర్థం కూడా చదువుకుంటే మంచిది.

అయితే పంటు ప్రయాణికుడు గారి ప్రశ్నలో అసలు విశేషం నామవాచకాల్లో లేదు, క్రియల్లో ఉంది. ఆయనకు తెలియకుండానే మూడు క్రియలు వాడారు. చలి వేస్తుంది, ఆకలి వేస్తుంది, భయం వేస్తుంది, విసుగు వేస్తుంది. ఎవరికి? నాకు. ఈ వాక్యాల్లో నేను కర్తను కాను. చలిగాలి వచ్చి ఒంటికి తగిలినట్టు విసుగు వచ్చి మీద పడింది, అందులో నా ప్రమేయం లేదు. కాబట్టి నా తప్పూ లేదు.

కానీ "విసుక్కున్నాను" అన్నప్పుడు కర్త నేనే. పైగా, పైకి అనకపోయినా ఆ వాక్యంలో ఒక "మీద" ఉంటుంది: ఆవిడ మీద విసుక్కున్నాను, పిల్లల మీద విసుక్కున్నాను. వండుకున్నాను, కొనుక్కున్నాను అన్నప్పుడు "కొను" వల్ల ఫలం మనకు చేరుతుంది. విసుక్కున్నప్పుడు మనకు చేరే ఫలమేమిటో నాకైతే బోధపడలేదు, లోపలి బరువు కాసేపు దించుకోవడం కాబోలు. ఎక్కడ దించుతామో గమనించండి. "అధికారి నా మీద విసుక్కున్నాడు" అంటే సహజంగా ఉంది. "నేను అధికారి మీద విసుక్కున్నాను" అంటే వినేవాడు రెండోసారి అడుగుతాడు. విసుగు పైనుంచి పడుతుంది, విసుక్కోవడం కిందికో పక్కకో పోతుంది. అత్త మీద కోపం దుత్త మీద చూపడం అంటే ఇదే. దుత్త అంటే చిన్న కుండ, పాపం అది ఎవరికీ పట్టికలు నింపమని చెప్పలేదు.

రాత్రి షిఫ్టు:

మాస్టారూ, నాదీ పట్టికల బాధే, కాకపోతే రాత్రిపూట. రావులపాలెం దగ్గర మా ఇంటి మేడ మీద గదిలో కూర్చుని సముద్రాల అవతలి వాళ్ళకు సాఫ్ట్‌వేర్ పని చేస్తాను. కింద తాతయ్య దగ్గు, బయట కప్పల అరుపులు, చెవుల్లో వాళ్ళ సమావేశం. ఇంకో మూడు నెలలు రాత్రులే చేయాలని మొన్న చెప్పారు. చెప్పి ఊరుకోకుండా మా మేనేజరు గారు వేమన పద్యం పంపారు. ఆయన మన వైపువారే.

అనగననగ రాగ మతిశయిల్లుచునుండు
తినగ తినగ వేము తియ్యనుండు

అంతే, రెండు పాదాలు. వేపాకు నమలండి, అలవాటవుతుంది అని భావం. మా నాయనమ్మ మాత్రం "తినగ తినగ గారెలు చేదు" అంటుంది. ఒకే భాషలో వేప తీపి, గారె చేదు ఎలా అయ్యాయి? రెండూ "తినగ తినగ" తోనే కదా మొదలు?

ఆటవెలది:

బాబూ, మీ మేనేజరు గారు మూడో పాదం మింగేశారు. "సాధనమున పనులు సమకూరు ధరలోన." అక్కడున్నది సాధన. సంగీతం నేర్చుకునేవాడు తనకు తాను కూర్చుని అంటాడు, అంటూ ఉంటే రాగం పండుతుంది. ఒకడి నోట్లో ఇంకొకడు వేపాకు కుక్కడం సాధన కిందికి రాదు. పద్యాన్ని సగానికి కోసి జీతగాళ్ళ మీద వాడటం ఈ మధ్య ఎక్కువైంది, నాకు దీని మీద నిజంగానే ఒళ్ళు మండుతుంది. (ఇక్కడ "నాకు విసుగేస్తుంది" సరిపోదు.)

గారె సంగతి వేరు. అది భోగం. మా అమ్మ మినప్పప్పు రుబ్బి, చేతికి తడి చేసుకుని, పిండిని అరిటాకు ముక్క మీద అద్ది, మధ్యలో చిల్లు పెట్టి నూనెలో జార్చేది. పొయ్యి పక్కనే పీట వేసుకుని తిన్న మొదటి గారెకు నాలుక కాలినా తెలిసేది కాదు. నాలుగోది కూడా బాగానే ఉండేది. ఏడోది చేతిలోకి తీసుకుని, చిల్లులోంచి అటువైపు చూసి, పళ్ళెంలో పెట్టేసేవాణ్ణి. పిండి అదే, నూనె అదే, చెయ్యి అదే. దీనికి మనకు చక్కని మాట ఉంది: మొహం మొత్తింది. మొత్తడం అంటే కొట్టడం, నెత్తీ నోరూ మొత్తుకోవడంలో ఉన్నది అదే. గారె తిరగబడి మొహాన కొట్టిందన్నమాట, నాకైతే అలాగే తోస్తుంది.

లేసు పువ్వు:

మాస్టారూ, మీకు ఏడో గారె దగ్గర మొత్తింది. పొయ్యి దగ్గర కూర్చున్న అమ్మగారిని అడిగి ఉంటే చెప్పేవారు. చేసేవాళ్ళకు ఆ నూనె వాసనకే మొత్తుతుంది, ఒక్కటీ తినకుండానే.

ఆటవెలది:

అడగలేదమ్మా. నిజమే. చివర్లో ఆవిడ మజ్జిగన్నం తినడం మాత్రం గుర్తుంది.

పంటు ప్రయాణికుడు:

అయితే నా ఫోను సంగతి ఇదే. అది విసుగు కాదు, మొహం మొత్తడం. "తింటే గారెలే తినాలి, వింటే భారతమే వినాలి" అన్న కాలంలో గారెలు పండగకు దొరికేవి, భారతం గుడి దగ్గర పందిరి వేసినప్పుడు దొరికేది. మా చిన్నతనంలో అంతర్వేది తీర్థానికి వెళ్ళి, ఇసుకలో గోనెపట్టా పరుచుకుని, తెల్లవారేదాకా కూర్చున్నా ఇంకా కావాలనిపించేది. ఇప్పుడు ఎవరో పళ్ళెంలో గారెలు వేస్తూనే ఉన్నారు, ఒక్కొక్కటీ కొరికి పక్కన పెట్టడమే నా పని. నిన్న అరగంటలో నేను పూర్తిగా చూసింది ఏదీ లేదు. ఒక వంటావిడ ఉల్లిపాయ సగం తరగడం వరకు చూశాను.

రాత్రి షిఫ్టు:

నాకు ఇంకో చిక్కు ఉంది. అడగాలా వద్దా అనుకున్నాను, ఇక్కడ ఎవరికీ నేనెవరో తెలియదు కనుక అడుగుతున్నాను. నాకు పెళ్ళి కుదిరింది. ఆ అమ్మాయి పగలు బడిలో పాఠాలు చెబుతుంది, నేను రాత్రి మేలుకుంటాను. ఇద్దరికీ తీరిక దొరికేది సాయంత్రం ఆరు నుంచి ఏడు వరకే. నిన్న ఆ గంటంతా నిద్రపోయాను. లేచి ఫోను చూస్తే "సరే" అని ఒక్క మాట ఉంది. దేనికి సరే? నేనేమీ అడగలేదు. ఇది విసుగా, అలకా?

ఆటవెలది:

మూడో క్రియ దగ్గరికి మీరే తీసుకొచ్చారు. "నాకు అలకేసింది" అని ఎవరూ అనరు. నేను అలిగాను అంటారు, ఆమె అలిగింది అంటారు. విసుగులా అది వచ్చి మీద పడేది కాదు, పూనుకుని చేసే పని. చేసిన పని కనుక అవతల దాన్ని చూసేవాడు ఒకడుండాలి, చూసి బతిమాలాలి. పై అధికారి మీద అలిగినవాణ్ణి చూశారా? పంటు మీద అలిగితే ఈదుకుంటూ పోవాలి. చెరువు మీద అలిగినవాడి సామెత ఒకటుంది, గుంపులో ఆడవాళ్ళున్నారు కనుక పూర్తిగా రాయను.

లేసు పువ్వు:

మాకూ తెలుసు మాస్టారూ. మానేసినవాడికే నష్టం.

ఆటవెలది:

సరే అమ్మా! పెళ్ళిలో అలకపాన్పు గుర్తు చేసుకోండి. అల్లుడికి అలగడానికి ప్రత్యేకంగా పరుపు వేసి, కూర్చోబెట్టి, ఏం కావాలి నాయనా అని అడిగే జాతి మనది. అలక ఒక హోదా. అందుకే నంది తిమ్మన పారిజాతాపహరణంలో సత్యభామ కోపానికి వట్టి కోపం అనలేదు. నారదుడు తెచ్చిన పువ్వు రుక్మిణి కొప్పులోకి పోయింది, సత్య అలిగింది, కృష్ణుడు పాదాల మీద వాలితే ఎడమకాలితో తోసింది. అప్పుడాయన:

నను భవదీయదాసుని మనంబున నెయ్యపు కిన్క బూని తాచిన యది నాకు మన్ననయ

నెయ్యం అంటే చెలిమి, ప్రేమ. కిన్క అంటే కినుక. నెయ్యపు కినుకతో తన్నావు కనుక అది నాకు గౌరవమే అంటున్నాడు. క్రియ చూడండి, "పూని". కోపం వస్తుంది, కినుక పూనుతారు. పత్రికల్లో నాయకులు టికెట్ దొరక్క "కినుక వహించారు" అని రాస్తారే, అదీ సరైన క్రియే, బతిమాలేవాడు వస్తాడన్న నమ్మకంతోనే వహిస్తారు.

బాబూ, ఇక మీ "సరే". ఆ అమ్మాయి "నాకు విసుగేస్తోంది" అని రాసి ఉంటే నేను కంగారుపడేవాణ్ణి. అందులో మీరూ లేరు, ఆమే లేదు, చలిలా విసుగు ఒక్కటే ఉంది.

లేసు పువ్వు:

తమ్ముడూ, "సరే" అని పంపిందంటే ఇంకా పంపుతోంది కదా. విసిగి వేసారినవాళ్ళు ఆ రెండక్షరాలు కూడా ఖర్చుపెట్టరు. ఆరింటికి ముందే లే. మూడు అలారాలు పెట్టుకో.

పంటు ప్రయాణికుడు అన్నయ్య గారూ, మీరు మాత్రం తప్పించుకున్నారు. వదిన గారు అలిగారని మీరు రాశారు. అలిగారో, విసిగారో మీకెలా తెలుసు? ఎదురు చూసి చూసి ఒక్క మాట అడిగితే విసుక్కున్నారు. నిన్న మొదటిసారా, నూరో పువ్వా?

పంటు ప్రయాణికుడు:

అమ్మా, మీ ప్రశ్నకు రోజంతా సమాధానం దొరకలేదు. సాయంత్రం పంటు మాత్రం దొరికింది. చెయ్యి ఊపినాయన నా పక్కనే నిలబడ్డారు. నిన్న పంటు ఆపమని కేకవేస్తూ చెయ్యి ఊపారట, ఇంజను చప్పుడులో నాకు వినపడలేదు. చిరాకు లెక్క కొట్టేయండి.

పారిజాతాలు ఎక్కడా అమ్మరు కనుక రెండు మూరల కనకాంబరాలు కొని తీసుకెళ్ళాను. తీసుకుని దేవుడి గూట్లో పెట్టింది, ఏమీ అనలేదు. రాత్రి అన్నం వడ్డించింది. పప్పు వేసింది, నెయ్యి వేసింది. వంకాయ కూర గిన్నె మాత్రం బల్లకు అటు చివర, నా చెయ్యి అందనంత దూరంలో పెట్టి, గోడ మీది క్యాలెండరు వంక చూస్తూ కూర్చుంది. విసుగైతే గిన్నె నా ముందే పడేసి లేచిపోయేది. ఇదేమిటో తేల్చుకోలేక నేను కుర్చీలోంచి సగం లేచాను. క్యాలెండరు మీంచి చూపు తిప్పకుండానే, ఒక్క వేలితో గిన్నెను బెత్తెడు ఇటు జరిపింది.