«కరతోయా తథాత్రేయీ»: అత్రేయియా, ఆత్రేయియా?

ప్రశ్న: సభాపర్వంలో నారదుడు ధర్మరాజుకు వరుణసభను వర్ణిస్తూ చెప్పిన నదుల పట్టికలో «కరతోయా తథాత్రేయీ లౌహిత్యశ్చ మహానదః» అనే శ్లోకార్ధం ఉంది. «తథాత్రేయీ» అన్నచోట పదం విడదీస్తే వచ్చేది అత్రేయియా, ఆత్రేయియా? ఈ నది నేడు ఎక్కడున్నదో కూడా తెలిసినవారు చెప్పగలరు.

సమాధానం: ఇక్కడున్నది సవర్ణదీర్ఘ సంధి కనుక, సంధిని మాత్రమే చూస్తే రెండు రూపాలకూ అవకాశం ఉంది. తేల్చేది తద్ధితం, అంటే నామానికి ప్రత్యయం చేర్చి కొత్త పదాన్ని ఏర్పరచే పద్ధతి. అత్రి సంతతివాడు ఆత్రేయుడు, స్త్రీ ఆత్రేయి. గోత్రనామంగా మనకు బాగా తెలిసిన ఆ ఆదివృద్ధే, అంటే మొదటి అచ్చు «అ» «ఆ»గా మారడమే, ఇక్కడా ఉన్నది. కాబట్టి «తథా ఆత్రేయీ» అనే విడదీయాలి. తెలుగులోకి వచ్చేసరికి చివరి దీర్ఘం కుదించుకొని, గోదావరి వలెనే, ఆత్రేయి అవుతుంది.

ఇక నది మాట. కరతోయ, ఆత్రేయి, లౌహిత్యం ఒకదాని పక్కన ఒకటి రావడం ఛందస్సు కోసం జరిగినది కాదని నా అభిప్రాయం. లౌహిత్యమంటే బ్రహ్మపుత్ర, ఆ మూడూ ఉత్తర బెంగాలులో నేటికీ ఇరుగుపొరుగు నదులే. మొదటి రెండూ స్త్రీలింగాలు కాగా, లౌహిత్యాన్ని మాత్రం పుంలింగంలో «మహానదః» అనడం గమనించదగినది.

ఆత్రేయి నేడు చిన్న నది కావడానికి కారణం 1787 నాటి వరద. అంతకుముందు తీస్తా నీరు కరతోయ, ఆత్రేయి, పునర్భవ అనే మూడు పాయలుగా దక్షిణానికి పారేది. తీస్తాకు త్రిస్రోత, అంటే మూడు ప్రవాహాలు గలది, అన్న పేరు అందుకే వచ్చిందంటారు. ఆ వరదలో తీస్తా తూర్పుకు తిరిగి బ్రహ్మపుత్రలో కలవడంతో, ఈ పాయలకు హిమాలయాల నుండి వచ్చే నీరు తగ్గిపోయింది.

దేశవిభజన హద్దుగా 1947 ఆగస్టు 17న ప్రకటించిన రాడ్‌క్లిఫ్ రేఖ బెంగాలులోని దినాజ్‌పూర్ జిల్లాను చీల్చింది. అప్పటినుండి ఆత్రేయి పశ్చిమ బెంగాలులో పుట్టి, నేటి బంగ్లాదేశ్‌లోకి వెళ్ళి, కుమార్‌గంజ్ దగ్గర తిరిగి భారతదేశంలోకి వచ్చి, బాలూర్‌ఘాట్ పట్టణాన్ని ఒరుసుకొని పారి, మరల బంగ్లాదేశ్‌లోని నవగావ్ జిల్లాలో ప్రవేశిస్తుంది. చివరకు చలన్ బీల్ అనే విశాలమైన చిత్తడి ప్రాంతం మీదుగా సాగి, దాని నీళ్ళు బ్రహ్మపుత్రలోనే, అంటే అక్కడివారు యమున అని పిలిచే పాయలోనే, కలుస్తాయి. ఎగువన బంగ్లాదేశ్‌లోని మోహన్‌పూర్ దగ్గర రబ్బరు ఆనకట్ట కట్టాక వేసవిలో తమకు నీరు రావడం లేదని బాలూర్‌ఘాట్ ప్రజలు ఎంతో కాలంగా మొరపెట్టుకుంటున్నారు. ఆ బాధ న్యాయమైనదే.

కొన్ని వ్యాసాలలో దీనిని «సరిహద్దు నది» అని వ్రాయడం చూశాను. నది పొడుగునా రెండు దేశాల హద్దు నడిస్తేనే ఆ మాట నప్పుతుంది. ఆత్రేయి హద్దును అడ్డంగా దాటే నది. అలాగే వ్రాయడం మేలు.

పేరు విషయంలో మరొక్క మాట. భారతదేశం వైపు తత్సమరూపమైన ఆత్రేయి వాడుకలో ఉండగా, బంగ్లాదేశ్ వైపు ఆత్రాయి అనే తద్భవం నిలిచింది; నవగావ్ జిల్లాలో ఆ పేరుతో ఒక ఊరు కూడా ఉన్నది. అనువాదం చేసేవారు ఊరిని ఆత్రాయి అనీ, శ్లోకంలోని నదిని ఆత్రేయి అనీ ఉంచితే చదువరికి చిక్కు ఉండదు.