నిరోధం పడిపోవడం విద్యుత్ క్షేత్రం వల్లా, వేడి వల్లా? తేల్చడమెలా?

1టీ-టాంటలం డైసల్ఫైడ్ అనే పొరల స్ఫటికపు పలుచటి రేకు మీద నాలుగు కాంటాక్టుల పద్ధతిలో నిరోధం కొలుస్తున్నాం. చల్లబరిచేటప్పుడు సుమారు 180 కెల్విన్ దగ్గర, వేడిచేసేటప్పుడు సుమారు 220 దగ్గర ఛార్జ్ డెన్సిటీ వేవ్ (ఎలక్ట్రాన్ల సాంద్రత అలలా హెచ్చుతగ్గులయ్యే అమరిక) దశ మారడం స్పష్టంగానే కనిపిస్తోంది.

చిక్కల్లా 120 కెల్విన్ దగ్గర. వోల్టేజీ పెంచుతూ పోతే ఒక చోట నిరోధం ఒక్కసారిగా కూలిపోతోంది. థర్మామీటరు ఉన్నది రాగి దిమ్మె మీద. రేకు అసలు ఉష్ణోగ్రత దానికి అందదు. అందుకే డీసీ మానేసి పల్సులకు మారాం: వెడల్పు 100 నానోసెకండ్ల నుంచి 10 మైక్రోసెకండ్ల దాకా, మధ్య విరామం 100 మిల్లీసెకండ్లు. వెడల్పు పెంచితే థ్రెషోల్డ్ వోల్టేజీ (నిరోధం కూలిపోయే వోల్టేజీ) తగ్గుతోంది. వేడి బయటికి పోకపోతే అది వెడల్పు వర్గమూలానికి విలోమంగా తగ్గాలి. అంత తగ్గడం లేదు. అలాగని క్షేత్రమే కారణమనలేం, పొడవాటి పల్సుల్లో వేడి సబ్‌స్ట్రేట్‌లోకి (రేకు కింది ఆధార పలకలోకి) జారిపోతుంది కదా.

కాంటాక్టుల దూరం మార్చి చూసినా తేలదు: ఘనపరిమాణానికి పుట్టే వేడి కూడా క్షేత్రం మీదే ఆధారపడుతుంది. సబ్‌స్ట్రేట్‌గా సిలికాన్ డయాక్సైడ్ బదులు నీలమణి వాడితే వేడి త్వరగా పోతుంది, కానీ సంకోచం తేడాతో రేకులో స్ట్రెయిన్ (సాగుడు లేదా నొక్కుడు) మారి దశమార్పు ఉష్ణోగ్రతే అటూఇటూ కావొచ్చు.

ఈ రెండింటినీ విడదీసే కొలత ఏది? పల్సు నడుస్తుండగానే రేకు ఉష్ణోగ్రతను నమ్మకంగా చదివినవారెవరైనా ఉంటే, పద్ధతి వివరంగా చెప్పగలరు.