సమస్య: గడను వదలువాఁడె గట్టు చేరు

నిర్వాహకుడు:
కేంబ్రిడ్జిలో మా అమ్మాయి దగ్గర నెల రోజులుండి వచ్చాను. అక్కడ క్యామ్ నది మీద అడుగు చదునుగా ఉండే పడవల్లో షికారు చేస్తారు. పంట్ అంటారు. మన కోనసీమ పంటుతో పేరు కలిసింది గానీ ఇది సన్నగా, పొడుగ్గా ఉంటుంది. నడిపేవాడు వెనక బల్ల మీద నిలబడి, ఐదు మీటర్ల గడను అడుగున పొడిచి తోస్తాడు. నేను చూస్తుండగా కింగ్స్ కాలేజీ ఎదురుగా ఓ కుర్రాడి గడ బురదలో దిగబడింది. వాడు వదల్లేదు, పడవ ఆగలేదు. కాసేపు గడను కావలించుకుని వేలాడి, మెల్లగా జారి నీళ్లలో పడ్డాడు. పడవలోని పిల్ల ఫోటోలు తీస్తూనే ఉంది.
సమస్యగా ఇచ్చింది ఆఖరి పాదం, ముందు మూడు పాదాలూ మీరు పూరించాలి. ఆ పూరణలో ఇంగ్లండు నది కనబడాలి. సంసార సాగరాలు వద్దని మాస్టారికి ముందే మనవి.

తణుకు మాస్టారు:
మనవి చిత్తగించాను. ఇదిగో.

కేము నదిని గడయె క్రింది బురదఁ జిక్క
పట్టు వీడకున్న పడవ జారు
నడుమ గడకు వ్రేలి నవ్వులపాలౌను
గడను వదలువాఁడె గట్టు చేరు

లండన్ రాజు:
పద్యం నడక బాగుంది మాస్టారూ. కానీ ఊరు కేంబ్రిడ్జి, నది మాత్రం క్యామ్. ఇక్కడివాళ్లెవరూ 'కేము' అనరు.

తణుకు మాస్టారు:
'క్యాము' అంటే యతి ఎక్కడికి పోవాలి నాయనా? పాదం మొదటి అక్షరానికి నడుమ అక్షరం జత కలవాలి కదా, క్రిం దగ్గర చచ్చిపోతుంది. సరే, సవరణ: 'క్యాము నదిని గడయె గట్టి బురదఁ జిక్క'. తృప్తేనా?

సుభద్ర:
గట్టిపడ్డాక అది బురద ఎలా అవుతుంది మాస్టారూ? మన్ను అవుతుంది.

తణుకు మాస్టారు:
జిగట గట్టిదమ్మా. మీ పూరణ రానివ్వండి, అప్పుడు మాట్లాడదాం.

సుభద్ర:
చిత్తం.

తోట చెట్ల నీడ దొరగారి విందులో
రొట్టె మీఁద నెంత రుచియొ గాని
బరువు పొట్ట తోడఁ బడవ సాగదిఁక మీ
గడను వదలువాఁడె గట్టు చేరు

లండన్ రాజు:
మూడో పాదం చివరి 'మీ', సమస్యలోని 'గడ' కలిసి మీగడ! ఆహా! అభినందనలు సుభద్ర గారూ. క్యామ్ మీద ఎగువకు వెళ్తే గ్రాంట్‌చెస్టర్‌లో పళ్లతోట ఉంది. 1897 నుంచి ఆ చెట్ల కింద టీ ఇస్తున్నారు, మడతకుర్చీల్లో కూర్చుని తాగాలి. స్కోన్ అనే చిన్న రొట్టె మీద మీగడ దట్టంగా పూస్తారు. రెండు తిని మళ్లీ గడ పట్టిన పాపానికి మా బావమరిది తిరుగు ప్రయాణమంతా పడుకునే ఉన్నాడు, గడ నేను వేశాను.

తణుకు మాస్టారు:
విరుపు బాగుంది, కాదనను. అయితే కొత్తేమీ కాదు. పోయిన దీపావళి సమస్యలో 'పాలు' ముందు 'దీ' తగిలించి దీపాలు వెలిగించింది కూడా ఈవిడే. ఒకే తాళంచెవితో ఎన్ని ఇళ్లు తెరుస్తారమ్మా?

సుభద్ర:
తలుపు తెరుచుకుంటోంది కదండీ.

నిర్వాహకుడు:
దీపావళి సంగతి ఆ చర్చలోనే తేలిపోయింది. మళ్లీ మొదలుపెట్టకండి.

చుక్కాని:
మాది ధవళేశ్వరం. అందరూ గడ పట్టుకునే కూర్చున్నారు, పడవల్ని ఎత్తుకూ పల్లానికీ చేర్చే లాకుల మాట ఎత్తరేం? థేమ్స్ మీద 45 లాకులున్నాయి. పడవ లోపలికి రాగానే తలుపులు మూస్తారు, ఇంజను ఆపేసి ముందొక తాడు, వెనకొక తాడు పట్టుకుని కూర్చోవాలి. నీళ్లు నిండేకొద్దీ పడవ ఉన్నచోటే పైకి లేస్తుంది. కాటన్ దొర 1847లో ఆనకట్ట మొదలుపెట్టి 1852కల్లా ముగించాడు కాబట్టి ఈ లాకు విద్య మాకూ తెలుసు. మా తాత పడవ లాకులో ఉన్నంతసేపూ చుట్ట కూడా వెలిగించేవాడు కాదు, రెండు చేతులూ తాడు మీదే.

లాకులోన నావ లేచును నీటితో
త్రాళ్ళు పట్టుకొనుచుఁ దాళవలయు
గోడఁ బొడుచు గడకుఁ గొలువేమి యక్కడ
గడను వదలువాఁడె గట్టు చేరు

సుభద్ర:
మూడో పాదం అదిరింది, గోడను పొడిచే గడకు ఉద్యోగం లేదనడం. కానీ మొదటి పాదంలో లా, లే కలవవు కదా బాబాయ్.

చుక్కాని:
అయ్యో, టైపాటు.

తణుకు మాస్టారు:
టైపాటు కాదు, యతి తప్పింది. 'లాకులోన నావ లంఘించు నీటితో' అనండి, సరిపోతుంది.

లండన్ రాజు:
లంఘించడానికి అది హనుమంతుడా మాస్టారూ? లాకులో పడవ లేవడం పాలు పొంగినట్టు కూడా ఉండదు, బకెట్ నిండినట్టు ఉంటుంది.

సుభద్ర:
'నీరు నిండ నావ నిలువునా లేచును' అంటే?

తణుకు మాస్టారు:
నిలువునా. బాగుంది. కానీ లాకు మాట ఎగిరిపోయింది, చదివేవాడికి అది ఏ చెరువో తెలియదు. రెండో పాదం ఇలా మార్చండి: 'లాకులోనఁ ద్రాడు లాగి నిలువ'.

నిర్వాహకుడు:
మాస్టారూ సుభద్ర గారూ ఒకే పద్యంలో కలవడం ఈ గుంపులో ఇదే మొదటిసారి. సవరించిన పూరణ మళ్లీ పెట్టండి చుక్కాని గారూ.

చుక్కాని:
పెట్టమంటే పెడతాను. మొదటి పాదం సుభద్రమ్మది, రెండోది మాస్టారిది, నాలుగోది మీరిచ్చింది. నా వాటాకు గోడ మిగిలింది.