స్కేట్ పార్కులో పిల్లాడు పడితే సిటీది బాధ్యతా? కాలిఫోర్నియా తల్లిదండ్రులు చెప్పండి

సన్నీవేల్ సూరి

అందరికీ నమస్కారం. మా ఇంటి దగ్గరి పార్కులో స్కేట్‌బోర్డు బౌల్ ఉంది, అంటే పిల్లలు బోర్డు మీద జారుతూ ఆడే గిన్నెలాంటి కాంక్రీటు గుంత. దాని పక్కనే పిల్లల సైకిళ్లకు ఎత్తుపల్లాల ట్రాక్ ఒకటి వేయమని మేం కొందరం సిటీ కౌన్సిల్‌ను అడుగుతున్నాం. మొన్న మీటింగులో ఒకాయన లేచి, "అక్కడ పిల్లాడి తల పగిలినా సిటీ మీద దావా వేయడానికి లేదు, ముందే చట్టం రాసుకున్నారు. వాళ్లే బాధ్యత తీసుకోని చోటికి మన పిల్లల్ని ఎందుకు పంపాలి?" అన్నారు. చాలామంది అవునవునన్నారు. నేను ఒప్పుకోను. ఆ చట్టం లేకపోతే అసలు ఆ బౌలే ఉండేది కాదు.

కాస్త పాత సంగతి చెప్పాలి. 1970ల్లో కాలిఫోర్నియాలో చాలాచోట్ల కాంక్రీటు స్కేట్ పార్కులు వెలిశాయి. 80లు వచ్చేసరికి వాటిలో చాలా భాగం మూతబడ్డాయి. దావాల భయం, ఇన్సూరెన్స్ ఖర్చు అందుకు పెద్ద కారణాలు. పార్కులు పోయాయి గానీ పిల్లలు ఆట మానలేదు. ఆఫీసు మెట్ల మీద, పార్కింగ్ లాట్లలో, కార్ల మధ్య ఆడారు. 1997లో రాష్ట్రం చట్టం చేసింది, 1998 నుంచి అమలైంది. సిటీ పార్కులో విన్యాసాలు చేస్తూ పడి దెబ్బ తగిలితే, అది ఆడేవాళ్లు తెలిసి తీసుకున్న ప్రమాదం అని, దానికి సిటీ పరిహారం కట్టక్కర్లేదని దాని సారాంశం. సిటీలకు ధైర్యం వచ్చింది ఆ తర్వాతే. శాన్ హోసేలో లేక్ కన్నింగ్‌హామ్ పార్కు 2008లో తెరిచారు, 68 వేల చదరపు అడుగులు. దావాల భయం అలాగే ఉంటే ఏ కౌన్సిల్ అంత పని నెత్తికెత్తుకుంటుంది?

2015లో ఆ చట్టాన్ని సవరించి మోటారు లేని సైకిళ్లు, స్కూటర్లు, రోలర్ స్కేట్లు, వీల్‌చెయిర్లకు కూడా వర్తింపజేశారు. మేం అడుగుతున్న ట్రాక్‌కు దారి వేసింది ఆ సవరణే. మీరేమంటారు?

ఫ్రీమాంట్ నర్సు

సూరి గారూ, నేను పిల్లల ఎమర్జెన్సీలో పనిచేస్తాను కాబట్టి నా మాట కొంచెం గట్టిగానే ఉంటుంది.

ఈ చట్టం పన్నెండేళ్లు నిండినవాళ్లందరికీ వర్తిస్తుంది. పన్నెండేళ్ల పిల్లాడు ప్రమాదాన్ని తెలిసే ఎదుర్కొన్నాడని ఎలా అంటాం? పక్కన నలుగురు స్నేహితులు ఫోన్లు పట్టుకుని వీడియో తీస్తుంటే వాడికి ప్రమాదం కనబడుతుందా? స్కూలు టూర్‌కి పంపాలంటేనే మన సంతకం కావాలి. ఇక్కడ మాత్రం వాడే పెద్దవాడైపోయాడు.

హెల్మెట్ సంగతి చూడండి. చట్టం హెల్మెట్, మోచేతి ప్యాడ్లు, మోకాలి ప్యాడ్లు ఉండాలంటుంది. కానీ కాపలా మనిషి లేని పార్కులో సిటీ ఒక ఆర్డినెన్స్ (ఊరి వరకు వర్తించే నిబంధన) చేసి, ఒక బోర్డు పాతితే ఆ షరతు తీరినట్టే. మా దగ్గరి పార్కులో ఆ బోర్డు ఎండకు వెలిసిపోయింది, సగం మీద స్టిక్కర్లు అంటించారు. దాని కిందే పిల్లలు హెల్మెట్ లేకుండా ఆడుతుంటారు. అడిగే నాథుడు లేడు. ఇంకో మాట. మా దగ్గరికి వచ్చేవాళ్లలో మణికట్టు విరిగినవాళ్లు చాలామంది, పడేటప్పుడు ఎవరైనా ముందు చెయ్యే ఆనిస్తారు. మణికట్టు గార్డుల ఊసే ఆ చట్టంలో లేదు.

ఇంత రక్షణ సిటీకి ఇచ్చాక, దానికి జాగ్రత్త పడాల్సిన అవసరం ఏముంటుంది?

ప్లీడరు గారమ్మాయి

ఇక్కడ లా ప్రాక్టీసు చేస్తాను. అందరూ "దావా వేయడానికే లేదు" అంటున్నారు, అది నిజం కాదు. అలా అనుకునే చాలామంది న్యాయంగా రావాల్సింది కూడా వదులుకుంటున్నారు.

స్కేట్ పార్కు చట్టం సొంతంగా రక్షణ ఇవ్వదు. ప్రమాదకర ఆటల గురించిన 831.7 అనే పాత సెక్షన్ కిందికి ఈ ఆటను చేరుస్తుంది, అంతే. ఆ సెక్షన్లోనే మినహాయింపులున్నాయి. ఆటలో సహజంగా ఉండని ఒక ప్రమాదం సిటీకి ముందే తెలిసి కూడా హెచ్చరించకపోతే రక్షణ లేదు. కట్టడాన్ని సరిగ్గా కట్టకపోయినా, మరమ్మతు చేయకుండా వదిలేసినా లేదు. ఆ ఆట కోసమే ప్రత్యేకంగా ఫీజు తీసుకుంటే లేదు. ఘోర నిర్లక్ష్యం అయితే అసలే లేదు. విన్యాసం చేయబోయి పట్టు తప్పి పడ్డాడా, అది వాడి ప్రమాదం. బౌల్ అంచున కాంక్రీటు పెచ్చు ఊడిందని సిటీకి ముందే ఫిర్యాదు వెళ్లి, పట్టించుకోకపోవడం వల్ల పడ్డాడా, అప్పుడు కేసు వేయొచ్చు.

సంతకం గురించి కూడా చెప్తాను. 2007లో కాలిఫోర్నియా సుప్రీంకోర్టు శాంటా బార్బరా సిటీ కేసులో తీర్పు చెప్పింది. సిటీ నడిపిన వేసవి శిబిరంలో ఒక పద్నాలుగేళ్ల అమ్మాయి ఈత కొలనులో మునిగిపోయింది. వాళ్లమ్మ ముందే "ఏం జరిగినా సిటీది బాధ్యత కాదు" అన్న కాగితం మీద సంతకం పెట్టింది. అయినా ఘోర నిర్లక్ష్యానికి ఆ సంతకం అడ్డురాదని కోర్టు తేల్చింది.

బోర్డు బాబు

నేను ఇక్కడే పుట్టి పెరిగాను, పదేళ్ల వయసు నుంచి బోర్డు మీదే ఉన్నాను. నర్సు గారూ, మీరు చూసేది ఆస్పత్రికి వచ్చినవాళ్లని. సాయంత్రం అంతా పడి లేచి ఇంటికెళ్లి అన్నం తినే వందలమంది మీకు కనబడరు.

బోర్డు చక్రం చాలా చిన్నది, యాభై మిల్లీమీటర్ల పైచిలుకు. బఠాణీ గింజంత గులకరాయి చాలు, చక్రం టక్కున ఆగిపోతుంది, మనిషి ముందుకు ఎగిరిపోతాడు. బౌల్ అంచున ఉక్కు పైపు ఉంటుంది. దానికీ కాంక్రీటుకీ మధ్య సందు పెరిగితే అంతే సంగతులు. ఇవి ఎవరైనా చూసి సరిచేయాల్సినవి. మా పార్కులో మేమే చీపుర్లు దాచుకుని ఊడ్చుకుంటాం. ఆరిగన్ రాష్ట్రం పోర్ట్‌లాండ్‌లో బర్న్‌సైడ్ వంతెన కింద 1990లో స్కేటర్లు ఎవరినీ అడగకుండా తామే కాంక్రీటు పోసి పార్కు కట్టుకున్నారు. సిటీ ఏమీ ఇవ్వకపోతే జరిగేది అదే. అందరికీ అంత పనితనం ఉండదు. చెక్కలతో చేసుకున్న ర్యాంపు విరిగితే ఎవరి మీద దావా వేస్తారు?

రక్షణ తీసేస్తే ఏమవుతుందో ఆరిగన్‌లో చూశాం. అక్కడ 2023లో న్యూపోర్ట్ సిటీ కేసులో అప్పీల్ కోర్టు తీర్పుతో సిటీల రక్షణ మీద అనుమానం వచ్చింది. సముద్రానికి వెళ్లే దారిలో చెక్క వంతెన మీద ఒకావిడ జారిపడ్డ కేసు అది. ఆ తీర్పు తర్వాత ఇన్సూరెన్స్ వాళ్ల సలహాతో కొన్ని ఊళ్లు నడకదారులకు తాళం వేశాయి. 2024లో చట్టసభ మళ్లీ సవరణ చేసి నడక, పరుగు, సైకిల్ తొక్కడం అన్నీ పేరుపేరునా చేర్చాల్సి వచ్చింది.

హైదరాబాద్ రాజేశ్వరి

మా అక్కవాళ్లు మీ వైపే ఉంటారు, అందుకే ఈ చర్చ చదువుతున్నాను. మీకు కోర్టులంటే సిటీలు భయపడే పరిస్థితి ఉంది కాబట్టి రక్షణ గురించి ఇంత తీరిగ్గా మాట్లాడుకోగలుగుతున్నారు. 2020 సెప్టెంబరులో నేరేడ్‌మెట్‌లో సైకిల్ మీద వెళ్లిన పాప నాలాలో కొట్టుకుపోయి చనిపోయింది. వాళ్లమ్మానాన్నల్ని తలుచుకుంటే ఇప్పటికీ కడుపులో దేవినట్టుంటుంది. ఢిల్లీ చాందినీ చౌక్‌లో గడియార స్తంభం కూలి జనం చనిపోతే మున్సిపాలిటీదే బాధ్యతని మన సుప్రీంకోర్టు 1966లోనే చెప్పింది. అయినా పిల్లల్ని బయటికి పంపాలంటే ఇక్కడ టెన్షనే. ఇలాంటి చోట "సిటీకి బాధ్యత లేదు" అన్న మాట చట్టంలోకి ఎక్కితే ఇక గోతులు పూడ్చేదెవరు?

ప్లీడరు గారమ్మాయి

రాజేశ్వరి గారూ, మీ బాధ నిజం. కానీ నాలా పక్కన వెళ్లే పాప ఏ విన్యాసమూ చేయట్లేదు, ఆ దారి ఎంచుకుని ఆడట్లేదు. ఇక్కడి చట్టం కింద కూడా అలాంటి చోట సిటీకి ఈ రక్షణ దక్కదు. ప్రభుత్వ స్థలంలో ప్రమాదకర పరిస్థితి ఉంటే బాధ్యత వహించాలన్న వేరే సెక్షన్ ఉంది, స్కేట్ పార్కు చట్టం దాన్ని ముట్టుకోనని స్పష్టంగా చెప్తుంది. పరిమిత రక్షణ వేరు, మొత్తానికి చేతులు దులుపుకోవడం వేరు.

ఒక ముఖ్యమైన విషయం. ఇక్కడ సిటీ మీద కేసు వేయాలంటే ముందు సిటీకే లిఖితపూర్వకంగా క్లెయిమ్ పెట్టాలి, అదీ గాయమైన ఆరు నెలల్లోపు. పిల్లల విషయంలో ఆలస్యానికి కొంత వెసులుబాటు ఉన్నా, దాన్ని నమ్ముకుని కూర్చోవద్దు. పడిన చోటు ఫొటోలు అదే రోజు తీసిపెట్టుకోండి. మర్నాడు సిటీ మనిషి వచ్చి సిమెంటు పూస్తే ఆధారం పోయినట్టే.

ఫ్రీమాంట్ నర్సు

ఈ మినహాయింపుల సంగతి మీటింగులో ఎవరూ చెప్పలేదు. అయినా నా అభ్యంతరం పోలేదు. పెచ్చు ఊడిందని సిటీకి తెలుసు అని నిరూపించాల్సింది ఎవరు? విరిగిన చెయ్యి పట్టుకుని కూర్చున్న పిల్లాడి అమ్మానాన్నలు. హెచ్‌1బీ మీద ఉన్న కుటుంబం సిటీతో కోర్టుకు ఎక్కుతుందా? వీసా గొడవలతోనే వాళ్లకు నిద్ర ఉండదు. అందుకే చట్టంలో మినహాయింపు ఉందంటే నాకు సరిపోదు. ఎవరైనా వచ్చి ఆ పార్కును చూడాలి.

సన్నీవేల్ సూరి

నర్సు గారూ, ఈ మాటతో నేను పూర్తిగా ఏకీభవిస్తాను. రక్షణ ఉండాలి, దానికి సిటీ ధర చెల్లించాలి. దెబ్బలు తగిలిన సంగతి తెలిసినా, ఎవరైనా చెప్పినా సిటీ రికార్డు చేసి ఉంచాలని ఆ స్కేట్ పార్కు చట్టంలోనే రాసి ఉంది. మా కౌన్సిల్ మీటింగుల్లో ఆ రికార్డు గురించి ఒక్కరూ ఎత్తగా నేను వినలేదు. వచ్చే మీటింగులో సైకిల్ ట్రాక్ కంటే ముందు దాన్నే అడుగుతాను. వారానికోసారి బౌల్ తనిఖీ, తనిఖీ చేసినవాళ్ల సంతకం, ఆ కాగితం సిటీ సైటులో అందరికీ కనబడాలి. పెచ్చు ఊడిన సంగతి అందులో ఉంటే, మాకు తెలియదని సిటీ తర్వాత అనలేదు. వెలిసిపోయిన బోర్డు మార్చమని, అందులో మణికట్టు గార్డులు పెట్టుకోమని కూడా రాయమని అడుగుతాను. చట్టం అడగకపోయినా సలహాగా రాయడానికి సిటీకి అడ్డేమీ లేదు.

బోర్డు బాబు

తనిఖీకి వచ్చే మనిషి వెంట ఒక స్కేటర్‌ను పంపమని కూడా అడగండి అంకుల్. నిలబడి చూస్తే సందు కనబడదు. వేలు పెట్టి పైపు వెంట రాసుకుంటూ పోవాలి. మా వాళ్లలో ఎవరినైనా నేను పంపిస్తాను.

ఫ్రీమాంట్ నర్సు

సరే. ఆ రికార్డు బయటపెట్టించండి, అందులో ఏ గాయాలు ఎన్ని ఉన్నాయో నేనే కూర్చుని చూస్తాను. పన్నెండేళ్ల వయసు గీత మీద మాత్రం నా మాట మారదు, అది పదహారుకు పెంచాలి. ట్రాక్ విషయంలో కౌన్సిల్ ముందు ఏం మాట్లాడాలో ఆ కాగితాలు చూశాకే చెప్తాను.