గాల్వెస్టన్ ఉప్పునీటికి మొదటి కయాక్: తెడ్డుదా, పెడల్‌దా?

కొత్తగాలం:
అందరికీ నమస్కారం. హ్యూస్టన్ పడమటి శివారులో ఉంటున్న నేను నాలుగేళ్లుగా గాల్వెస్టన్ గట్ల మీద, టెక్సాస్ సిటీ డైక్ మీద నిలబడి గాలం వేస్తున్నాను. నా గాలం అందే దూరానికి సరిగ్గా పది గజాల అవతల చేపలు మసలుతుంటే చూస్తూ నిలబడటం ఇక నా వల్ల కావడం లేదు కనుక కయాక్ (ఒక్కరు నడుపుకునే సన్నని చిన్న పడవ) కొనాలని నిశ్చయించుకున్నాను. కాళ్లు లోపలికి దూర్చి కూర్చునే రకం కాకుండా, పైన కూర్చునే రకమే కొంటాను. నా దగ్గర ఉన్నది 1,500 డాలర్లు. ఆ డబ్బుకు సరంజామాతో సహా కొత్త తెడ్డు కయాక్ వస్తుంది, లేదా ఎవరో వాడి అమ్ముతున్న, కాళ్లతో తొక్కి నడిపే పెడల్ కయాక్ వస్తుంది. నా బరువు 190 పౌండ్లు, కారు క్యామ్రీ, తరచూ ఒంటరిగానే వెళతాను. వెళ్లదలచుకున్నవి గాల్వెస్టన్ ఐలాండ్ స్టేట్ పార్క్ వెనుక ఉన్న వెస్ట్ బే, ఆ తర్వాత క్రిస్మస్ బే. ఏది కొనమంటారు?

దక్షిణపుగాలి:
వాడినదైనా సరే, పెడల్‌దే కొనండి. టెక్సాస్ తీరంలో ఏడాదిలో అధిక భాగం గాలి ఆగ్నేయం నుంచి వీస్తుంది, వేసవిలో పొద్దెక్కేకొద్దీ బలపడుతుంది. మీరు చెప్పిన పార్కు రేవు ద్వీపానికి ఉత్తరం వైపున ఉంది కాబట్టి ఆ గాలి మిమ్మల్ని ఒడ్డు నుంచి బే మధ్యకు తోస్తుంది. వెళ్లేటప్పుడు ఎంతో హాయిగా ఉంటుంది గానీ, అలసిపోయి తిరిగి వచ్చే వేళకు అదే ఎదురుగాలి అవుతుంది. పైగా తెడ్డు వేసేవాడికి రెండు చేతులూ తెడ్డుకే సరిపోతాయి. తెడ్డు ఒళ్లో పెట్టుకుని రాడ్ అందుకున్న క్షణం నుంచి పడవ కొట్టుకుపోతూనే ఉంటుంది. లంగరు వేసుకోవచ్చని అంటారు, కానీ పది గజాలకొకసారి లంగరు వేసి తీసే మనిషి చేపల కోసం వచ్చాడో, వ్యాయామం కోసం వచ్చాడో చెప్పడం కష్టం. 1997లో హోబీ సంస్థ మిరాజ్ డ్రైవ్ అనే పెడల్ యంత్రాన్ని తెచ్చింది. కాళ్లతో తొక్కుతుంటే పడవ అడుగున రెండు రెక్కలు పెంగ్విన్ రెక్కల్లా ఆడతాయి, చుక్కానిని ఒక చేత్తో తిప్పుకుంటూ మరో చేత్తో గాలం పట్టుకోవచ్చు. 28 అంగుళాల రెడ్‌ఫిష్ మీ పడవను ఆల్చిప్పల దిబ్బ వైపు లాక్కుపోతున్నప్పుడు ఆ రెండో చెయ్యి విలువ ఎంతో తెలుస్తుంది.

ఉప్పుటేరు:
దక్షిణపుగాలి గారు గాలి గురించి చెప్పింది నిజమే గానీ, నీటి లోతు గురించి చెప్పలేదు. కొత్తగాలం గారు వెళ్లదలచిన చోట చాలా భాగం మోకాలి లోతే. క్రిస్మస్ బేలో సముద్రపు గడ్డి, దాని అంచుల్లో ఆల్చిప్పల దిబ్బలు ఉంటాయి. రెడ్‌ఫిష్ మేతకు వచ్చేది అక్కడికే, పెడల్ యంత్రాన్ని పైకి లాగేసుకోవలసి వచ్చేదీ అక్కడే. శీతకాలంలో ఉత్తరపు గాలి రెండు రోజులు గట్టిగా వీస్తే బే నీళ్లు సముద్రంలోకి వెళ్లిపోయి, నిన్న తేలిన చోట ఇవాళ బురద కనిపిస్తుంది. ఈ తీరంలో ఆటుపోట్ల తేడా అడుగూ రెండడుగులే కాబట్టి నీటిమట్టాన్ని చాలాసార్లు చంద్రుడి కంటే గాలే శాసిస్తుంది.

బరువు మాట ఇంకా ముఖ్యం. పన్నెండు అడుగుల తెడ్డు కయాక్ సుమారు 70 పౌండ్లు ఉంటుంది. పెడల్ కయాక్ కుర్చీ, యంత్రం, చుక్కాని కలుపుకుని 100 పౌండ్లు దాటుతుంది. ఒంటరి మనిషి దానిని క్యామ్రీ పైకప్పు మీదికి ఎక్కించడం ఒక ఎత్తు, ఎండలో ఆరు గంటలు గడిపాక మళ్లీ ఎక్కించడం మరో ఎత్తు. పడవ కొని, నాలుగుసార్లు ఎత్తి, ఐదోసారి "నడుము బాగా లేదు" అని ఇంట్లో ఉండిపోయినవారిని నేను చూశాను. నాకు తెలిసినంతలో గరాజ్‌లో దుమ్ము పట్టే కయాక్‌లకు గాలి కంటే బరువే పెద్ద కారణం.

దక్షిణపుగాలి:
లోతు విషయంలో ఒక సవరణ అవసరం. పెడల్ కయాక్‌లు అన్నీ ఒకటి కావు. రెక్కల రకంలో ఒక పెడల్‌ను పూర్తిగా ముందుకు తోస్తే రెండు రెక్కలూ పడవ అడుగుకు అతుక్కుపోతాయి, యంత్రాన్ని బయటకు తీయకుండానే దిబ్బ దాటేయవచ్చు. ప్రొపెల్లర్ రకం మాత్రం లోతుగా దిగుతుంది, లోతు తక్కువ నీటిలో దానిని ఎత్తి తీరాలి. దానికి బదులుగా వెనక్కి తొక్కితే పడవ వెనక్కి వస్తుంది. రెక్కల రకానికి ఆ వసతి చాలా ఏళ్ల తర్వాత గానీ రాలేదు కాబట్టి పాతది కొనేటప్పుడు ఆ సంగతి అడిగి తెలుసుకోండి. బరువు మాటకు నా దగ్గర జవాబు చిన్న ట్రెయిలర్ ఒక్కటే, దానికి మళ్లీ ఖర్చు అవుతుందని ఒప్పుకుంటున్నాను.

భీమిలితెప్ప:
మా తాతల ఊరు భీమిలి. కర్ర దుంగలను తాళ్లతో కట్టిన తెప్ప మీద కెరటాలను దాటి వేటకు వెళ్లే మనుషులను చూస్తూ పెరిగాను. తెప్పలోకి నీళ్లు వస్తాయన్న భయం ఉండదు, వచ్చిన నీళ్లు దుంగల సందుల్లోంచి పోతాయి. పైన కూర్చునే కయాక్‌లో స్కప్పర్ రంధ్రాలు (కూర్చునే చోటు నుంచి పడవ అడుగు దాకా ఉండే కన్నాలు) చేసే పని కూడా అదే. అయితే ఒక తేడా ఉంది. తెప్ప గుల్లది కాదు, కయాక్ గుల్లది. ఆ తేడా నాకు తెలిసి వచ్చిన విధం చెబుతాను. ఒక మార్చి ఉదయం పడవ ముందు భాగంలో ఉండే సామాను అర మూత సరిగా బిగించకుండానే బయలుదేరాను. చిన్న అలలు పైనుంచి పోతూ ఉంటే లోపలికి నీరు చేరుతున్నట్టు నాకు తెలియలేదు. పడవ మందంగా కదులుతుంటే ఎదురుగాలి అనుకున్నాను. పక్కకు వంగిన వెంటనే లోపలి నీరంతా ఆ పక్కకే పరుగెత్తి పడవ తిరగబడింది. ఛాతీ లోతు నీళ్లే కాబట్టి నడిచి బయటపడ్డాను.

అందుచేత తెడ్డా, పెడలా అన్న ప్రశ్నకు ముందు ఇంకొకటి అడుగుతాను. తిరగబడిన పడవను నీళ్లలో ఉండి నిలబెట్టి, పొట్ట మీద పాకి మళ్లీ ఎక్కగలరా? 34 అంగుళాల వెడల్పున్న బరువైన పడవ తిరగబడటం అరుదు, కానీ తిరగబడితే దానిని నిలబెట్టడానికి మనిషి బరువంతా కావాలి. రెండు రకాలనూ అద్దెకు తీసుకుని, ఒడ్డు దగ్గర కావాలనే బోర్లా వేసుకుని చూడండి. టెక్సాస్‌లో పెద్దవాళ్ల లైఫ్ జాకెట్ పడవలో ఉంటే చట్టానికి చాలు, ప్రాణానికి మాత్రం అది ఒంటి మీద ఉండాలి. దానికొక ఈల కట్టుకోండి.

కొత్తగాలం:
అందరికీ ధన్యవాదాలు. తెడ్డు కయాక్ కొని, గాలి బాధ కోసం చిన్న విద్యుత్ మోటారు తగిలించుకుంటే ఎలా ఉంటుంది?

ఉప్పుటేరు:
మోటారు తగిలించిన క్షణం నుంచి టెక్సాస్ చట్టం దృష్టిలో అది మోటారు పడవే, రిజిస్ట్రేషన్ చేయించి నంబరు అంటించాలి. బ్యాటరీ బరువు కూడా కలుస్తుంది కాబట్టి మీరు తప్పించుకోవాలనుకున్న బరువు మళ్లీ వచ్చి కూర్చుంటుంది. మొదటి ఏడాది వద్దు.

దక్షిణపుగాలి గారి ఎదురుగాలి వాదనకు కూడా ఒక మాట. ఆగ్నేయపు గాలి వీచేటప్పుడు ద్వీపాన్ని ఆనుకుని ఉన్న చిన్న పాయలకు ద్వీపమే అడ్డు గోడ. స్టేట్ పార్క్ పాయల్లో ఒడ్డుకు పావు మైలు లోపల తిరిగితే ఆ గాలి మిమ్మల్ని పెద్దగా బాధించదు, కొత్తవారు అంతకు మించి వెళ్లనవసరం లేదు. మరొకటి, వాడిన పెడల్ కయాక్ 1,500కు వస్తోందంటే దాని ముందు మోకాళ్ల మీద కూర్చుని యంత్రం దిగే గూడు చుట్టూ పగుళ్లున్నాయేమో చూడాలి. తీగలను, బేరింగులను ఉప్పు తినేసి ఉంటే వాటి ఖర్చు మీ నెత్తినే పడుతుంది. తెడ్డు కయాక్‌లో చెడిపోవడానికి ఏమీ లేదు, పోతే తెడ్డు పోతుంది.

కొత్తగాలం:
నిన్న భీమిలితెప్ప గారి సలహా ప్రకారం రెండు రకాలనూ అద్దెకు తీసుకున్నాను. పెడల్‌దానిలో కూర్చున్నంతసేపూ దక్షిణపుగాలి గారే గెలిచారు. కారు పైకప్పు మీదికి ఎత్తే దగ్గర మాత్రం పార్కింగ్‌లో ఒక అపరిచితుడిని సాయం అడగవలసి వచ్చింది. బోర్లా వేసుకున్నప్పుడు తెడ్డుదాన్ని రెండో ప్రయత్నంలో ఎక్కాను, పెడల్‌దాన్ని నాలుగో ప్రయత్నంలో. ఎప్పుడూ ఒంటరిగా వెళ్లేవాడిని కాబట్టి పన్నెండు అడుగుల తెడ్డు కయాక్, అదీ వాడినది, 600 డాలర్లకు మాట్లాడుకున్నాను. మిగిలిన దానిలో మంచి లైఫ్ జాకెట్, తేలికైన తెడ్డు కొంటాను.

దక్షిణపుగాలి:
శుభం. బేరం అయ్యాక 600, ఆ జాకెట్, ఆ తెడ్డు పోను చేతిలో ఏమైనా మిగిలితే ఖర్చు పెట్టకండి. జులైలో ఒక మధ్యాహ్నం రెండింటికి వెస్ట్ బే మధ్య నుంచి మీరు నాకు ఫోన్ చేస్తారు, అప్పుడు మాట్లాడుకుందాం.